మూలన పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేశారా?

దాళ్వా కోతలయ్యి కాలవలు కట్టేశాక మన ఊళ్లల్లో ఇంచుమించు ప్రతి రైతు ఇంటా ఒక పని జరుగుతుంది. పవర్ స్ప్రేయరు భుజం మీంచి దింపి, గొట్టం చుట్టేసి, గొడ్ల సావిట్లో ఓ మూలకి తోసేస్తాం. ట్యాంకులో పెట్రోలు ఎంత మిగిలిందో చూడం. చూసినా ‘అర లీటరే కదా, ఉండనీ, సార్వాకి పనికొస్తుంది’ అనుకుంటాం. మార్చి ఆఖర్లోనో ఏప్రిల్లోనో మూలపడ్డ మిషను మళ్లీ బయటికొచ్చేది నాట్లు వేసి, పైరు దుబ్బు కట్టి, మొదటి పురుగు కనబడ్డాకే. అంటే నాలుగైదు నెలలు. ఆ నాలుగైదు నెలలూ ట్యాంకులో ఉన్న పెట్రోలు ఏం చేస్తూ ఉంటుందో తెలుసుకుంటే ఏ రైతూ దాన్ని అలా వదలడు.

ఇది రాస్తున్న నేనూ వదిలినవాణ్ణే. 2022 సార్వాలో ముందు మందులన్నీ కూలికి పెట్టి కొట్టించాను. అక్టోబరులో సుడిదోమ వచ్చేసరికి కూలి మనిషి దొరకలేదు. సరేనని మూలనున్న నా మిషను దింపాను. తాడు పది పదిహేనుసార్లు లాగితే గానీ స్టార్టు కాలేదు. అయ్యాక గొంతు బొంగురుగా ఉంది. పావుగంట నడిచి, ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. ఇక తాడు లాగితే రాలేదు. పిస్టను పట్టేసింది. మిషను పోతే పోయింది, దోమ ఆగదు కదా. రెండో రోజుకి మడి మధ్యలో బండి చక్రమంత మేర దుబ్బులు ఎండి పడిపోయాయి. బంధువుల మిషను తెచ్చి మందు కొట్టేసరికి నాలుగైదు చోట్ల సుడులు పడ్డాయి.

ముందు మిషను చేసినవాణ్ణి తిట్టాను. తర్వాత పెట్రోలు బంకువాణ్ణి తిట్టాను. మెకానిక్కు కుర్రాడు మాత్రం ఏమీ అనకుండా ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఓ గాజు సీసాలోకి వంచి, కిటికీలో పెట్టి, ‘టీ తాగి రండి బాబాయ్’ అన్నాడు. వచ్చి చూస్తే సీసాలో రెండు పొరలు. పైన ఆయిలు రంగు తేలిన పెట్రోలు. కింద బొటనవేలు మందాన రంగులేని పొర, కొంచెం మసక. ‘కింద పొరలో ఆయిలు రంగు లేదు చూశారా. మీ ఇంజను తాగింది అదేనండి. ఆయిలు లేకుండా నడిచింది, పట్టేసింది. పెట్రోలు తప్పు కాదండి, మీరు దాచిన తీరు తప్పండి’ అన్నాడు. ఆ సీసా పాఠమే ఈ వారం మీకు చెబుతున్నది.

పెట్రోల్లో వచ్చిన మార్పు

మన నాన్నల కాలంలో పెట్రోలంటే పెట్రోలే. ఇప్పుడు బంకులో పోస్తున్నదాంట్లో ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ అంటే వేరే ఏదో కాదు, సారా తయారీలో వచ్చే ఆల్కహాలే, నీరు తీసేసి చిక్కబరిచినది. మన దేశంలో ఈ కలపడం 2003 జనవరిలో మొదలైంది. మొదటి విడత తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం అన్నారు, అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. చాలా ఏళ్లు అది నత్తనడకే. 2022 జూన్ నాటికి దేశం సగటున 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన పెట్రోలుని 2023 ఫిబ్రవరిలో విడుదల చేశారు. 2030కి చేరాలనుకున్న 20 శాతం లెక్కని ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. బంకుల్లో ఈ-20 అని రాసి ఉండేది అదే. లీటరులో 200 మిల్లీ లీటర్లు ఇథనాల్ అన్నమాట.

ఇందులో రైతుకి లాభం లేదనలేం. ఈ ఇథనాల్ చెరకు మడ్డి నుంచి, చెరకు రసం నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి, పాడైన ధాన్యం నుంచి తీస్తారు. చెరకు మడ్డి నుంచి ఆల్కహాలు తీయడం మన గోదావరి జిల్లాలకి కొత్త కాదు, తణుకులో 1947లో మొదలైన ఆంధ్రా షుగర్స్ ఆ పని ఎప్పటినుంచో చేస్తున్నదే. గోకవరం మండలం గుమ్మళ్లదొడ్డిలో ధాన్యం నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీకి 2022 నవంబరులో శంకుస్థాపన జరిగింది. మన మిల్లులో ఆడిన బియ్యం నూక చివరికి మన బండి ట్యాంకులోకే చేరుతోంది. విదేశాల నుంచి కొనే చమురు తగ్గుతుంది, ధాన్యానికీ మొక్కజొన్నకీ ఇంకో కొనుగోలుదారు దొరుకుతాడు. కాబట్టి ఇథనాల్‌ని తిట్టుకోవాల్సిన పని లేదు. దాని గుణం తెలుసుకుని మసులుకోవాలి, అంతే.

ఆ గుణం ఏమిటంటే, ఇథనాల్‌కి నీళ్లంటే ప్రాణం.

పాత పెట్రోల్లో నీటి చుక్క పడితే అడుక్కి దిగి అక్కడే బుడగలా కూచునేది. పెట్రోలు దాన్ని ముట్టుకునేది కాదు. ఇథనాల్ అలా కాదు. నీటిని తనలో కలిపేసుకుంటుంది. కొద్దిగా నీరైతే ఇది మంచిదే కూడా, ఆ నీరు పెట్రోలుతోబాటు ఇంజన్లోకి వెళ్లి ఆవిరై పోతుంది, మనకి తెలియను కూడా తెలియదు. కానీ దానికో హద్దు ఉంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు లీటరుకి సుమారు 5 మిల్లీ లీటర్లు, అంటే ఒక చిన్న టీ చెంచా నీటి వరకు ఓర్చుకుంటుంది. 20 శాతం ఉంటే ఇంకొంచెం ఎక్కువ. ఆ హద్దు దాటిందా, ఇథనాల్ పెట్రోలుని వదిలేసి నీటితో లేచిపోతుంది. రెండూ కలిసి అడుక్కి దిగుతాయి. పైన మిగిలేది ఇథనాల్ తగ్గిన నీరసం పెట్రోలు. ఇథనాల్ ఎంత ఎక్కువ కలిస్తే విడిపోయినప్పుడు అడుగున చేరే పొర అంత మందం.

ఇంకో సంగతి. వేడిగా ఉన్నప్పుడు ఎక్కువ నీటిని ఓర్చుకుంటుంది, చల్లబడితే తక్కువ. మే నెల మధ్యాహ్నం ఏ గొడవా లేకుండా ఉన్న పెట్రోలు జూలై ముసురు రాత్రి విడిపోవచ్చు.

ఒకసారి విడిపోయినదాన్ని ఊపితే కలవదా అని చాలామంది అడుగుతారు. ఊపినంతసేపు కలిసినట్టు కనబడుతుంది, నిలబెడితే మళ్లీ రెండు పొరలే. కొత్త పెట్రోలు పోసి సర్దుదామన్నా నమ్మకం లేదు. అది ఇంజనుకి పనికిరాదు.

టూ స్ట్రోక్ మిషన్లకే ఎందుకు ఎక్కువ ప్రమాదం?

మోటారు సైకిలు ఇంజన్లో ఆయిలు విడిగా కింద ఉంటుంది. మన స్ప్రేయర్లలో, గడ్డి కోసే బ్రష్ కట్టర్లలో ఎక్కువ భాగం టూ స్ట్రోక్ ఇంజన్లు. వాటికి విడిగా ఆయిలు ఉండదు. పెట్రోల్లో మనం కలిపే టూ-టీ ఆయిలే లోపల పిస్టనుకీ బేరింగుకీ తడి. పొరలు విడిపోయినప్పుడు ఆ ఆయిలు పై పొరలో పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకు గొట్టం ఉండేదేమో అడుగున. ఇంజను ముందుగా పీల్చేది ఆయిలు లేని కింద పొరనే. అందుచేత పాత పెట్రోలుతో మిషను స్టార్టు కాలేదంటే విసుక్కోకండి, అదృష్టం అనుకోండి. స్టార్టయితేనే ప్రమాదం.

ఇంతకీ నీరు ఎక్కడినుంచి వస్తుంది? గాలిలో చెమ్మ పీల్చేసుకుంటుందని అందరూ అంటారు. నిజమే, కానీ మూత గట్టిగా ఉంటే అది చాలా నెమ్మది మీద జరిగే పని. నేను చూసినంతలో మన దగ్గర నీరు చేరేది వేరే మూడు దారుల్లో. సావిడి చూరు కారి మూత మీద పడ్డ వాన నీరు, పాత మూతలో రబ్బరు వాషరు పోయి ఉంటే నేరుగా లోపలికే. మిషను కడిగేటప్పుడు పట్టిన గొట్టం నీళ్లు. అన్నిటికన్నా ఎక్కువగా, మనం పెట్రోలు తెచ్చే డబ్బా. మందు డబ్బా ఖాళీ అయితే నాలుగుసార్లు నీళ్లతో తొలిచి, బోర్లించి, అదే పట్టుకుని బంకుకి వెళ్తాం. బోర్లించిన డబ్బా మెడ దగ్గరా పిడి లోపలా చెంచాడు నీళ్లు ఎప్పుడూ మిగిలే ఉంటాయి. లీటరు పెట్రోలు విడిపోవడానికి ఆ చెంచాయే ఎక్కువ. నా మిషను విషయంలో జరిగింది ఇదేనని నా అనుమానం. డబ్బా నాదే, తొలిచింది నేనే. మందు డబ్బాల్ని దేనికీ తిరిగి వాడకూడదన్న మాట సరేసరి, అది వేరే పాఠం.

నీరు చేరకపోయినా నిలవ పెట్రోలు చెడుతుంది. తేలికగా మండే భాగం ముందుగా ఆవిరైపోతుంది. మన వేసవిలో రేకుల షెడ్డు కింద అయితే చెప్పక్కర్లేదు. స్టార్టింగుకి అక్కరకొచ్చేది ఆ తేలిక భాగమే. మిగిలినది గాలి తగిలి చిక్కబడి జిగురు కడుతుంది. కార్బొరేటరు జెట్టులో రంధ్రం దబ్బనం మొన కంటే సన్నం, కొద్దిపాటి జిగురుకే మూసుకుపోతుంది. చిన్న ఇంజన్లతో ఇచ్చే పుస్తకాల్లో చాలావాటిలో 30 రోజులకి మించి వాడకపోతే పెట్రోలు తీసేయమని రాసి ఉంటుంది. ఆ పుస్తకం మనం అట్టపెట్టెతోపాటే పారేస్తాం. పైగా ఇథనాల్ పాత రకం రబ్బరుని ఉబ్బేటట్టు చేస్తుంది, ఎండాక గట్టిపడి చిట్లుతుంది. పెట్రోలు గొట్టం, కార్బొరేటరులో పలచటి రబ్బరు బిళ్ల, వేలితో నొక్కే బల్బు ముందు పోయేవి ఇవే. ఇథనాల్ నీరు కలిసి నిలవుంటే అల్యూమినియం మీద తెల్లటి పొడి, ఇనుప ట్యాంకులో తుప్పు.

సీసా పరీక్ష

అనుమానం ఉన్న పెట్రోలుని తేటగా ఉన్న గాజు సీసాలోకి తీసి అరగంట కదపకుండా పెట్టండి. తేటగా ఒకే రంగులో ఉంటే సరే. మసకగా ఉన్నా, అడుగున గీత కనబడినా ఆ పెట్రోలు ఇంజన్లోకి పోనివ్వకండి.

ఇథనాల్ ఎంత కలిసిందో చూడాలనుకుంటే ఇంకో పద్ధతి ఉంది. గీతలున్న సన్నటి గాజు గొట్టంలో 20 మిల్లీ లీటర్లు నీళ్లు పోసి, పైన 100 మిల్లీ లీటర్లు పెట్రోలు పోసి, మూసి బాగా కుదిపి నిలబెట్టండి. కింద 20 దగ్గర ఉండాల్సిన నీటి గీత 40కి దగ్గరగా పైకి జరుగుతుంది. జరిగినంతా ఇథనాలే, నీరు దాన్ని లాగేసుకుంది. ఇది చూసి ‘బంకులో నీళ్లు కలిపారు’ అని గొడవకి వెళ్లేవాళ్లున్నారు. అది నీళ్లు కలపడం కాదు, ఇథనాల్ బయటపడటం. నీళ్లు కలిపారా అన్నది తెలియాలంటే నీళ్లు పోయకుండా, ఉత్త పెట్రోలునే సీసాలో పెట్టి చూడాలి. పరీక్ష చేసిన పెట్రోలు తిరిగి ట్యాంకులో పోయకండి. ఇలా నీళ్లతో ఇథనాల్ కడిగేసి మిగిలిన పెట్రోలు వాడుకుంటున్నామని ఒకరిద్దరు గొప్పగా చెప్పారు. ఆ పని చేయకండి. ఇథనాల్ కలుస్తుందన్న లెక్క మీదే కింద పెట్రోలు తయారవుతుంది. అది తీసేస్తే మిగిలినదానికి ఇంజన్లో నాకింగు వచ్చే గుణం పెరుగుతుంది, నీటి తడి కూడా మిగులుతుంది.

మిషను ఎలా దాచాలి?

ముందుగా మందు ట్యాంకు సంగతి ముగించండి. మంచినీళ్లు పోసి మిషను నడిపి, గొట్టంలోంచి నాజిల్ దాకా నీళ్లు పంపి, పూర్తిగా వంచేయండి. పెట్రోలు పని దీని తర్వాతే, ఎందుకంటే కడగడానికి మిషను నడవాలి కదా.

ఇప్పుడు ఇంజను చల్లారనివ్వండి. మిషనుని ఆరుబయటకి తీసుకెళ్లండి, గడ్డిమేటుకీ పొయ్యికీ దూరంగా. చుట్ట, బీడీ ఉన్నవాళ్లని దగ్గరకి రానివ్వొద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది, పది అడుగుల అవతల పొయ్యి ఉన్నా అంటుకోగలదు. ట్యాంకులో ఉన్నది గరాటాతో పొడి ఇనుప డబ్బాలోకి వంచేయండి. చివరి చుక్క కోసం మిషను అటూ ఇటూ వాల్చండి.

తర్వాత చాలామంది మరిచిపోయే పని. ట్యాంకు ఖాళీ అయినంతమాత్రాన కార్బొరేటరు ఖాళీ కాదు. ట్యాంకు ఖాళీగా ఉండగానే మిషను స్టార్టు చేసి, దానంతటది ఆగిపోయేదాకా నడవనివ్వండి. ఆగబోతున్నప్పుడు చోక్ వేస్తే మిగిలిన కాస్తా లాగేస్తుంది. మళ్లీ రెండుమూడుసార్లు తాడు లాగండి. కార్బొరేటరు కింద గిన్నెలాంటిది ఉన్న రకమైతే దాని అడుగున చిన్న స్క్రూ ఉంటుంది, అది వదులు చేస్తే మిగిలిన చెంచాడూ కారిపోతుంది. గుడ్డ అడ్డం పెట్టండి, స్క్రూ వాషరు జాగ్రత్త. నొక్కే బల్బు ఉన్న రకమైతే పెట్రోలు కనబడనంతవరకు నొక్కండి.

ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలోంచి ఒక చిన్న చెంచా టూ-టీ ఆయిలు పోసి, తాడు నాలుగుసార్లు మెల్లిగా లాగండి. లోపల గోడలకి ఆయిలు పట్టి తుప్పు రాదు. లాగేటప్పుడు ముఖం ఆ రంధ్రానికి ఎదురుగా పెట్టొద్దు, ఆయిలు చిమ్ముతుంది. ప్లగ్గు మళ్లీ బిగించి, తాడు మెల్లిగా లాగుతూ బిర్రుగా తగిలినచోట ఆపేయండి. అప్పుడు పిస్టను పైకొచ్చి కంతలు మూసుకుని ఉంటాయి, చెమ్మ వెళ్లదు, కుమ్మరి పురుగులు గూడు పెట్టవు.

ఇక మిషను పెట్టే చోటు. నేల మీద పెట్టకండి, దూలానికో మేకుకో వేలాడదీయండి. ఎరువు బస్తాల పక్కన అసలు వద్దు. యూరియా, పొటాష్ చెమ్మని పీల్చి పక్కనున్న ఇనుముని తినేస్తాయి. గోనెసంచి కప్పండి, ప్లాస్టిక్కు పట్టా గట్టిగా చుట్టేస్తే లోపల చెమట పడుతుంది.

మొత్తం పని అరగంట. పిస్టను, సిలిండరు మార్పిస్తే అయ్యే ఖర్చు ముందు ఈ అరగంట ఏపాటి?

వంచిన పెట్రోలు ఏం చేయాలి అంటారు. తేటగా ఉంటే అదే వారంలో మిషను పని ఉన్న తోటలవాళ్లకో కూరగాయలవాళ్లకో ఇచ్చేయండి, కొబ్బరి తోటల్లో బ్రష్ కట్టరు ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటుంది. ఆయిలు కలిసిన పెట్రోలు మోటారు సైకిల్లో పోయకండి. పొరలు విడిపోయినదైతే మెకానిక్కు షెడ్డులో ఇవ్వండి, సామాన్లు కడుక్కోవడానికి వాళ్లకి పనికొస్తుంది. కాలవలోకీ బోదెలోకీ వంచొద్దు. కూల్‌డ్రింకు సీసాల్లో పోసి గూట్లో పెట్టడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. దాహంతో ఉన్న పిల్లవాడికి రంగు చూసి తేడా తెలియదు.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్లున్న స్ప్రేయర్లు, పెట్రోలు పంపుసెట్లు, కలుపు తీసే పవర్ వీడర్లకీ ఇదే వరస. తేడా ఒకటే, దాచే ముందు ఇంజను ఆయిలు కూడా మార్చండి. నల్లబడ్డ ఆయిల్లో పులుపు చేరి ఉంటుంది. డీజిలు ఇంజన్లవాళ్లు కంగారుపడనక్కర్లేదు, బంకులో అమ్మే డీజిల్లో ఇథనాల్ కలపరు.

గల్ఫ్ వెళ్లే ముందు బండి

కోనసీమలో చాలా ఇళ్లల్లో మెట్ల కింద దుప్పటి కప్పిన మోటారు సైకిలు ఒకటి కనబడుతుంది. యజమాని కువైట్లోనో మస్కట్లోనో ఉంటాడు. రెండేళ్లకి సెలవు మీద వచ్చి మొదటి రోజు చేసే పని బండిని మెకానిక్కు దగ్గరికి తోయించుకుంటూ వెళ్లడం.

పాత కార్బొరేటరు బండి అయితే రెండు మూడు నెలలకి ఒక పద్ధతి, ఏళ్లకి ఇంకో పద్ధతి. రెండు మూడు నెలలే అయితే ఆ రోజు కొట్టించిన కొత్త పెట్రోలుతో ట్యాంకు మెడ కిందిదాకా నింపండి. ఇనుప ట్యాంకులో ఖాళీ ఎంత ఉంటే లోపల అంత చెమట పట్టి తుప్పు పడుతుంది కాబట్టి. అంచుదాకా మాత్రం వద్దు, వేడికి పెట్రోలు పొంగుతుంది. పెట్రోలు కాక్ మూసి, బండి ఆగేదాకా నడిపి, కార్బొరేటరు స్క్రూ తీసి వంచేయండి. మూత రబ్బరు పగిలితే మార్చండి. ఏళ్లతరబడి అయితే ట్యాంకు పూర్తిగా వంచి, విప్పి, ఆరబెట్టి, కాస్త ఇంజను ఆయిలు పోసి లోపలంతా తిప్పి వంచేసి మూత పెట్టాలి. ఆర్‌ఎక్స్ 100 లాంటి పాత బళ్లని ముచ్చటపడి దాచుకున్నవాళ్లు ఇది తప్పక చేయాలి. వాటి రబ్బర్లు ఇథనాల్ లేని కాలంనాటివి. కొత్త గొట్టం, కొత్త వాషర్లు వేయించుకోవడం మంచిది.

2020 ఏప్రిల్లో బీఎస్-6 వచ్చాక తయారైన బళ్లలో చాలావాటికి కార్బొరేటరు లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైనవైతే ఈ-20 తట్టుకునే రబ్బరు, లోహంతోనే వస్తున్నాయి. ఈ బళ్లని ట్యాంకు ఎండేదాకా నడపకూడదు. లోపల పెట్రోలు తోడే పంపు ఆ పెట్రోలుతోనే చల్లబడుతుంది, ఎండితే కాలిపోతుంది. కొత్త పెట్రోలు నింపి, ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పి, పదిహేను రోజులకోసారి ఐదారు కిలోమీటర్లు తిప్పమనండి. ఇంటి ముందు రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపేయడం తిప్పడం కాదు. ఇంజను పూర్తిగా వేడెక్కకుండా ఆగితే సైలెన్సరులో, ఆయిల్లో నీరు చేరుతుంది, అసలు చేయకపోయినా నయం. రెండేళ్లకి వెళ్తున్నవాళ్లు నన్నడిగితే దాచొద్దంటాను. బావమరిదికి ఇచ్చి వెళ్లండి. గీతలు పడతాయి గానీ ఇంజను బతుకుతుంది.

మైలేజీ తగ్గిందన్న ఫిర్యాదు ఈ మధ్య ఎక్కువగా వినబడుతోంది. అది భ్రమ కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికే పాత రకం ద్విచక్ర వాహనాలకి 20 శాతం మిశ్రమంతో 3 నుంచి 4 శాతం తగ్గుతుందని చెప్పింది. అంతకన్నా బాగా తగ్గితే మాత్రం కార్బొరేటరునో గాలి ఫిల్టరునో చూపించండి, తప్పంతా ఇథనాల్ మీదికి నెట్టొద్దు.

లంక గ్రామాలవాళ్లకి ఒక మాట. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరినప్పుడు మన లంకల్లో ఎన్ని బళ్లు మునిగాయో మీకు తెలుసు. వరద తీశాక మునిగిన బండికి, మిషనుకి తాడు లాగడం, కిక్కు కొట్టడం, సెల్ఫ్ నొక్కడం చేయకండి. ప్లగ్గు తీయండి, ట్యాంకు, కార్బొరేటరు, ఇంజను ఆయిలు మొత్తం వంచేయండి, ఆ తర్వాతే మెకానిక్కు చేత చూపించి స్టార్టు చేయించండి. ట్యాంకులో పెట్రోలు పైకి ఎంత బాగా కనబడినా వాడకండి. వరద హెచ్చరిక వచ్చినప్పుడు మిషన్లని అటక మీదికి చేర్చేవాళ్లు ట్యాంకు ఖాళీ చేసే ఎక్కించండి, అటక కిందే కదా మన పొయ్యి.

సార్వాలో మళ్లీ దించినప్పుడు

పురుగు కనబడ్డ రోజు కాకుండా నారుమడి వేసిన వారంలోనే మిషను దించి చూడండి. చెడితే బాగు చేయించుకోవడానికి అప్పుడు టైము ఉంటుంది. గొట్టం వంచి చూడండి, చిట్లినా జిగురుగా ఉన్నా మార్చేయండి. ట్యాంకులో గొట్టం చివరనుండే చిన్న ఫిల్టరు మార్చండి. జెట్టు మూసుకుపోతే ఇనుప తీగ, గుండుసూది పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదై పెట్రోలు ఎక్కువ తాగుతుంది. చేపల గేలం నైలాను దారం సరిగ్గా సరిపోతుంది.

పెట్రోలు ఆ పూటకి కావలసినంతే తెండి, లీటరున్నర పట్టేచోట ఐదు లీటర్లు వద్దు. డబ్బా లోపల పొడిగుడ్డతో తుడిచి, ఎండలో మూత తీసి పెట్టి, అప్పుడు బంకుకి పట్టుకెళ్లండి. ఆయిలు పాళ్లు మిషను పుస్తకం ప్రకారమే. 25కి 1 అని ఉంటే లీటరుకి 40 మిల్లీ లీటర్లు, 50కి 1 అని ఉంటే 20. కంటి లెక్కన పోస్తే ఒకసారి పొగ, ఇంకోసారి సీజు. కలిపిన పెట్రోలు డబ్బా మీద ఆ రోజు తేదీ బొగ్గుతోనైనా రాసి ఉంచండి.

పెట్రోలు నిలవుండటానికి కలిపే మందు సీసాలు కూడా మోటారు సామాన్ల షాపుల్లో దొరుకుతున్నాయి. కొత్త పెట్రోల్లో కలిపి, ఇంజను పది నిమిషాలు నడిపి, కార్బొరేటరు దాకా వెళ్లనిస్తే జిగురు కట్టడం ఆలస్యం చేస్తాయి. పాతబడ్డదాన్ని కొత్తది చేయలేవు, విడిపోయినదాన్ని కలపలేవు. అర లీటరు ట్యాంకు ఉన్న స్ప్రేయరుకి అవి దండగ, వంచేయడమే తేలిక.

నా మిషను సంగతి అడుగుతారేమో. సిలిండరు మార్పించాను, ఇప్పటికీ నడుస్తోంది. ఆ గాజు సీసా మాత్రం మెకానిక్కు కుర్రాడు పారేయలేదు. రెండు పొరలతో అలాగే కిటికీలో ఉంది, మిషను పట్టేసిందని వచ్చినవాళ్లకి చూపించడానికి.